కుండల్లో హెలికాప్టరు

మా అత్తగారికి చెవులు సరిగ్గా వినపడటం లేదన్న సంగతి ఇంట్లో అందరికంటే ఆలస్యంగా ఒప్పుకున్నది ఆవిడే. "మీరందరూ గొణుగుతన్నారు. నోరు తెరిచి మాటాడండి" అని మమ్మల్నే కోప్పడేది. నేను విశాఖపట్నం నుంచి చోడవరానికి కోడలిగా వచ్చేటప్పటికి ఆ ఇంట్లో మామూలు మాటలు కూడా కేకల్లోనే నడిచేవి. పెళ్ళయిన కొత్తలో నన్ను చూడ్డానికి వచ్చిన మా అమ్మ, వంటింట్లోంచి వస్తున్న అరుపులు విని, ఏదో పెద్ద గొడవ జరుగుతోందనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తీరా చూస్తే, మజ్జిగలో ఉప్పు వేశావా అని మావయ్యగారు అడుగుతున్నారంతే.

ఒకప్పుడు ఆవిడ గొప్ప సినిమా మనిషి అని పక్కింటి పిన్ని చెబితేనే నాకు తెలిసింది. పొద్దున్నే వంట ముగించి, చీర మార్చుకుని, వీధిలో గుమ్మం గుమ్మానికీ ఆగి ఆడవాళ్ళను పోగుచేసుకుని మ్యాట్నీకి నడిపించుకెళ్ళేదట. తిరిగొచ్చాక అరుగుమీద కూర్చుని, రాలేకపోయినవాళ్ళకి కథ చెప్పేదట. "మీ అత్త సెప్తే సినిమా కన్నా బాగుండేదమ్మా. కొన్నిసార్లు మేం కావాలనే ఎల్లేవోళ్ళం కాదు" అంది పిన్ని.

నేను వచ్చేసరికి అదంతా ఆగిపోయింది. హాల్లో కలర్ టీవీ ఉంది. ఆదివారం సాయంత్రం సినిమా వస్తుంటే ఆవిడ దానికి వీపు పెట్టి కూర్చుని బియ్యం ఏరేది. "రా అత్తా, మంచి సినిమా" అని గట్టిగా పిలిస్తే, "మూతులు ఆడించడం తప్ప అందులో ఏటుందే" అనేది. డాక్టరు దగ్గరికి వెళదామంటే, "నా సెవులకేటి రోగం? మీ గొంతులకి సూపించుకోండి" అని లేచి వెళ్ళిపోయేది.

మా మరిది విశాఖపట్నంలో ఒక కంపెనీలో ఫిట్టరు. శనివారం సాయంత్రం బస్సు దిగి, ఆదివారం మాతో ఉండి, సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. ఇంటికొచ్చాడంటే ఏదో ఒకటి విప్పాల్సిందే. ఫ్యానో, ఇస్త్రీపెట్టో, చివరికి గోడ గడియారమో. ఒక శనివారం మాత్రం చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"వదినా, సినిమా హాలుని ఇంట్లో ఎట్టేసేరు!"

"ఎవరు?"

"షోరూమోళ్ళు. హోమ్ థియేటరంట. ఏసీ గదిలో సోఫా మీద కూకోబెట్టేరు. హెలికాప్టరు ముందునుంచి వచ్చి, నా నెత్తిమీద నుంచెల్లి, ఎనక గోడలోంచి ఎలిపోనాది. నాను తల వంచేసేను, అమ్మతోడు. టై కట్టుకున్నాయన నవ్వేడు."

"అయితే కొనేస్తావేటి?" అన్నారు మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే.

"కొనడమా! ఆ సోఫాలో ఇంకోపాలి కూకోనిస్తే సాలు" అన్నాడు. కానీ ఆ సాయంత్రమంతా వాడి కళ్ళు మా హాలు నాలుగు మూలల్నీ కొలుస్తూనే ఉన్నాయి.

ఆ తర్వాత ప్రతి వారం చేతిలో ఏదో ఒకటి ఉండేది. రేడియో రిపేరు కొట్టున్న స్నేహితుడి చేత కట్టించిన యాంప్లిఫయరు ఒక వారం. తువ్వాల్లో చుట్టిన స్పీకర్లు ఇంకో వారం. నల్లటి కాగితపు గిన్నెల్లా ఉండేవి. చివరికి ఒకసారి దుప్పట్లో చుట్టి, పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, బస్సులో నిలబడ్డవాళ్ళ మోకాళ్ళ నుంచి కాపాడుకుంటూ వీసీడీ ప్లేయరు తెచ్చాడు. స్పీకర్లకి చెక్కపెట్టెలు ఏవని మా ఆయన అడిగితే, "పెట్టెలెందుకన్నయ్యా? కుండలున్నాయి గదా" అన్నాడు.

అప్పట్లో మా వైపు టీ కొట్లలో స్పీకరుని మట్టికుండ మూతిమీద బోర్లించి పెట్టేవారు. పాట కుండలోకి దిగి, అక్కడ ఒక చుట్టు తిరిగి, గుమ్మంటూ బయటికొచ్చేది. మరిది సంతలో వాటిని ఒక్కొక్కటీ వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మోత బాగున్నవే ఏరి, తెచ్చి పెరట్లో పెట్టాడు.

ఆదివారం పొద్దున్న లేచి చూస్తే ఆ కుండల నిండా నీళ్ళు. మా అత్తగారు తెల్లారకముందే వాటిని కడిగి, నింపి, వరసగా నిలబెట్టింది. గోడ అవతలున్న పిన్నితో మురిసిపోతూ చెబుతోంది. "మా గుంటడు నాకోసం కుండలు తెచ్చేడు. సెప్పకుండానే తెచ్చేడు. ఈ ఎండాకాలం సల్లటి నీళ్ళకి లోటు లేదు."

మరిది తల పట్టుకుని మెట్లమీద కూలబడ్డాడు. కాసేపటికి ధైర్యం చేసి తల్లి చెవి దగ్గరికెళ్ళి అరిచాడు. "అమ్మా, అవి నీళ్ళకి కాదు. స్పీకర్లకి!"

"సీకాయికా? సీకాయికి ఇన్ని కుండలెందుకురా?"

"సీకాయి కాదే! స్పీకరు! సౌండు!"

"పండా? ఏ పండు?"

మావయ్యగారు నవ్వాపుకోలేక అరుగుమీదకి వెళ్ళిపోయారు. చివరికి ఒక కుండ ఆవిడ నీళ్ళకే వదిలేసి, మిగతావి మేడమీద ఎండలో బోర్లించాడు. నీళ్ళు పీల్చిన కుండ మోగదట. అలా మా సినిమా ఒక వారం వెనక్కి పోయింది.

మరుసటి వారం మళ్ళీ వచ్చాడు. రెండు కుండలు టీవీకి చెరో పక్క, రెండు వెనక గోడ మూలల్లో పెట్టాడు. అవి కదలకుండా నేను పాత చీరలు మెలితిప్పి కుదుళ్ళు చుట్టి ఇచ్చాను. గోడల వెంట వైర్లు పరిచాం. మా ఆయన కిటికీలకి గోనెసంచులు మేకులతో బిగించి హాలుని చీకటి చేశారు. మొదట పెట్టగానే ఒక కుండ గుర్రుమని మూలిగింది. పాత తలగడ విప్పి, దూది లోపల కూరితే సర్దుకుంది. మరిది చేతులు దులుపుకుని, "వదినా, టీలు ఇప్పుడే తాగెయ్యండి. తరవాత ఎవరూ లెగకూడదు" అన్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలైంది. తెలుగులోకి మార్చిన ఇంగ్లీషు ఫైటింగు సినిమా. పేరు ఇప్పుడు గుర్తులేదు కానీ మొదటి బొమ్మ గుర్తుంది. చీకటి వీధి, తడిసిన రోడ్డు, దానిమీద ఎర్ర దీపం నీడ. అంతకుముందు మేం అద్దెకు తెచ్చుకున్న వీడియో క్యాసెట్లలో మొహాలు వణికేవి, పైనా కిందా గీతలు పరుగెత్తేవి. ఇక్కడ హీరో గడ్డంలో నెరిసిన వెంట్రుక వేరుగా కనిపిస్తోంది. అతని నుదుటిమీద చెమట బొట్టు పుట్టి, ఆగి, జారడం చూశాను. కార్లు మరీ జోరుగా తిరిగినప్పుడు బొమ్మ చిన్న చిన్న గళ్ళుగా చెదిరేది. అయినా ఆ ఎరుపు, ఆ నీలం నేను మా టీవీలో ఎప్పుడూ చూసినవి కావు.

ఇంతలో వెనక మూలల్లోంచి చినుకుల చప్పుడు మొదలైంది. ముందు ఒకటీ అరా, తర్వాత కుండపోత. మావయ్యగారు చటుక్కున లేచి నిలబడ్డారు. "ఒరే, మినుగులు!" అంటూ పంచె ఎగ్గట్టి మేడమెట్లవైపు పరుగెత్తారు. మేడమీద మినుములు ఎండబోసి ఉన్నాయి. కాసేపటికి చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని దిగొచ్చారు. "పైన ఎండ మండిపోతంది" అన్నారు అయోమయంగా. టీవీలో హీరో ఇంకా వానలో తడుస్తూనే ఉన్నాడు. మావయ్యగారు తెర చూశారు, వెనక కుండ చూశారు, మరిది వీపుమీద ఒక్కటి చరిచి, "మాయదారి నాకొడకా!" అని మళ్ళీ కూర్చున్నారు. ఆయన మొహంలో అంత సంబరం నేను అంతకుముందు చూడలేదు.

మా అత్తగారు మాతో కూర్చోలేదు. వంటింట్లో కత్తిపీట ముందు బీరకాయలు తరుగుతోంది. సినిమాలో రైలు వచ్చింది. వంతెన మీదికి ఎక్కుతోంది. దూరంగా మొదలైన ఆ మోత కుండల్లోకి దిగి, గచ్చులోకి పాకి, మా కాళ్ళకింద నుంచి వంటింటిదాకా వెళ్ళింది. అలమరలో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి తాకి గలగలమన్నాయి. ఆవిడ బీరకాయ చేత్తోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఏటది? నేల వణుకుతంది!"

"సినిమా!" అని అందరం ఒక్కసారే అరిచాం.

ఆవిడ తెరవైపు చూసింది. రైలు మా మీదికి వస్తోంది. కళ్ళు తెరమీద నుంచి తిప్పకుండానే తడుముకుంటూ వచ్చి వెనక మూల చాపమీద కూర్చుంది. ఆసరాకి పక్కనున్న కుండమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. బీరకాయ కింద పెట్టి రెండో చెయ్యీ వేసింది. నిండు కుండని పట్టుకున్నట్టు రెండు అరచేతులతో దాన్ని పట్టుకుని, తల కాస్త వంచి, నోరు తెరిచి ఉండిపోయింది.

"ఒసే, ఇలగ రా" అని నన్ను పిలిచింది. నేను పక్కన కూర్చున్నాను. నా చెయ్యి తీసి కుండమీద పెట్టింది. మట్టి ప్రాణమున్నదానిలా అదురుతోంది. "ఇందులో రైలు ఎలతంది. నాకు ఇనబడతందే! సేతులకి ఇనబడతంది!"

మరిది వెనక్కి తిరిగి చూశాడు. మోత ఇంకాస్త పెంచాడంతే. నాకు ఏడవడానికి కూడా తీరిక లేదు. హీరో రైలు పైకప్పుమీదికి ఎక్కేశాడు, మా అత్తగారు "వంగో! వంగోరా బాబూ, ఎదర వంతెనుంది!" అని కేకలు పెడుతోంది.

సరిగ్గా అప్పుడే మొదటి సీడీ అయిపోయింది. తెర నీలంగా మారింది. "ఆపేసేవేటిరా?" అని ఆవిడ కొడుకుమీద విరుచుకుపడింది. రెండోది పెట్టేదాకా ఊరుకోలేదు.

మా ఇల్లు రోడ్డు పక్కనే. చెరకు నరికే రోజులవి. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే బళ్ళు పొద్దస్తమానం మా గుమ్మం ముందు నుంచి సాగేవి. రెండో సీడీ మొదట్లోనే పెద్ద పేలుడు వచ్చింది. బయట బండి ఒకటి ఆగిన చప్పుడు, ఎవరో అదిలించిన చప్పుడు. తలుపు కొట్టారు. మా ఆయన తీస్తే, తలకి తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన ఒకడు చెర్నాకోల పట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, గ్యాసు బండేటైనా పేలిందేటి? ఎవులికైనా తగిలిందేటి?"

"లేదండీ, సినిమా" అన్నారు మా ఆయన.

పెద్దాయన మెడ సాచి లోపలికి చూశాడు. చూసినవాడు కదల్లేదు. వెనకున్న బళ్ళు కూడా ఒక్కొక్కటే ఆగాయి. ఏమైందో కనుక్కోవడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఇరుక్కున్నారు. మావయ్యగారు కూడా చెరకు పండించే మనిషే కదా, బయటికొచ్చి చూసి, "ఎదర ఎలాగూ లైనుంటాది, కూకోండి" అన్నారు. అంతే, చీకటి కోసం అంత కష్టపడి బిగించిన గోనెసంచులు తీసెయ్యాల్సి వచ్చింది. కిటికీల నిండా తలలు. వెలుగుకి బొమ్మ కాస్త పాలిపోయింది కానీ మరిది ఏమీ అనుకోలేదు. బయట ఎడ్లు మాత్రం నిమ్మళంగా ఉన్నాయి. ముందు బండిలోంచి వేలాడే చెరకు ఆకులు నములుకుంటూ నిలబడ్డాయి.

మధ్యలో వచ్చినవాళ్ళకి కథ తెలియదు. "ఎవులమ్మా ఆ కోటేసుకున్నోడు?" అని పెద్దాయన ఎవర్నో అడిగాడు. ఆయన మూతి కదలడమే చూసిందో, అడిగేది ఇంకేముంటుందనుకుందో, మా అత్తగారు అందుకుంది.

"ఆడు ఈడి అన్న. పెద్దోడు. సదూకున్నాడు గానీ బుద్ధి లేదు. ఆ పెట్టిలో అమ్మ నగలున్నాయి. అయి అమ్మేసి పట్నం పోదామని ఆడి ఏషం. ఆ కట్టేసిన గుంట ఈళ్ళ సెల్లెలు. నగలు ఎక్కడున్నాయో ఆ పిల్లకి తెలుసు."

అసలు సినిమాలో ఆ పెట్టెలో ఉన్నది ఏదో రహస్య యంత్రం. కోటువాడు పరాయి దేశపు దొంగ. ఆ అమ్మాయి ఒక సైంటిస్టు కూతురు. మరిది నోరు తెరవబోయాడు. నేను వెనకనుంచి మోకాలితో పొడిచాను.

"అన్నదమ్ములేటి?" అన్నాడు పెద్దాయన నమ్మలేనట్టు.

ఆ మాట వినకపోయినా ఆవిడ జవాబు చెప్పింది. "సూడు ఆళ్ళ ముక్కులు. ఒక్కటే ముక్కు!"

అందరం ముక్కులు చూశాం. నిజంగానే ఒకే ముక్కు. అప్పటినుంచి నాకు ఆ సినిమా రెండు సినిమాలుగా కనిపించడం మొదలైంది. చెవులకి ఒకటి, కళ్ళకి ఒకటి. కళ్ళకి కనిపించేదే బాగుంది. కోటువాడు హీరో మొహంలోకి చూసి నవ్విన ప్రతిసారీ, చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మంచమ్మీద పడుకుని ఉంటారనిపించింది.

చివర్లో హెలికాప్టరు వచ్చింది. దాన్ని వినిపించడానికే మరిది ఇన్ని వారాలు బస్సుల్లో సామాను మోసింది. ముందు కుండల్లో పటపటమని మొదలై, దగ్గరై, గది మొత్తాన్ని పట్టి ఊపేసి, మా నెత్తులమీద నుంచి వెనక మూలల్లోకి వెళ్ళింది. హాల్లో కూర్చున్నవాళ్ళం తలలు వంచాం. కిటికీల్లో తలలూ వంగాయి. చెర్నాకోల పెద్దాయన చూరుకేసి చూశాడు. మా అత్తగారు మాత్రం వంగలేదు. వెనక కుండని ఒడిలోకి లాక్కుని, కావిలించుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. "వచ్చింది! నా దగ్గరికి వచ్చేసింది!"

కోటువాడు భవనం మీదనుంచి జారి, అంచు పట్టుకుని వేలాడి, కింద పడిపోయాడు.

"ఎంతైనా అన్న గదా. సెయ్యి అందించాల్సింది" అన్నాడు కిటికీలోంచి ఒక బండివాడు.

నేను ఆ మాట ఆవిడ చెవిలో అరిచి చెప్పాను. "అందించేడు" అంది మా అత్తగారు గంభీరంగా. "నాను సూసేను. ఆడే పట్టుకోలేదు. సిగ్గేసింది ఆడికి."

బండివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని తలలూపారు. వెళ్ళేటప్పుడు బళ్ళలోంచి చెరకు గడలు లాగి అరుగుమీద పడేశారు. మావయ్యగారు తన చేలో చెరకు చాలదా అంటే, "ఇది సినిమా సెరకు" అన్నాడు పెద్దాయన. చాలాసేపటివరకు, కదిలిపోతున్న బళ్ళమీద నుంచి ముక్కుల గురించి మాటలు వినిపించాయి.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా అత్తగారు ఉన్నట్టుండి మా ఆయనతో అంది. "ఒరే, పట్నంలో సెవుల డాక్టరున్నాడన్నావు. ఎప్పుడు తీసుకెల్తావు?"

మా ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. "నీ చెవులకేం లేదన్నావు కదే?"

"సేతులకి ఇంత ఇనబడితే సెవులకి ఎంత ఇనబడాలి?" అంది.

విశాఖపట్నంలో డాక్టరు చూసి, చెవి వెనక పెట్టుకునే మిషను ఇచ్చారు. మొదటి రోజుల్లో గిన్నెల మోతకి ఉలిక్కిపడి తీసి పక్కన పెట్టేది. మెల్లగా అలవాటు చేసుకుంది. మాట పూర్తిగా అందేది కాదు కానీ, ఎదురుగా నిలబడి నిదానంగా చెబితే అరవక్కర్లేకుండా పోయింది. నేను ఆ ఇంట్లో మామూలు గొంతుతో "అత్తా, అన్నం తిందాం రా" అన్న మొదటిరోజు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మిషను పెట్టుకుని అదే సినిమా మళ్ళీ చూసింది. కాసేపు విని, కనుబొమలు ముడిచి, "ఇదేటి, కథ మార్చేసేరు?" అంది. ఇంకో పావుగంటకి మిషను తీసి కొంగుకి ముడేసుకుని కుండ దగ్గరికి జరిగింది.

ఆదివారం మధ్యాహ్నాలు మళ్ళీ మ్యాట్నీలయ్యాయి. పక్కింటి పిన్ని, ఆమె తోడికోడలు, ఎదురింటి ముసలమ్మా చాపలు పట్టుకుని వచ్చేవారు. కుండ పక్క చోటు మాత్రం ఎవరూ ముట్టుకునేవారు కాదు. చీడికాడ నుంచి వచ్చిన మా ఆడపడుచు తెలియక కూర్చుంటే, పిన్నే లేపి ఇవతల కూర్చోబెట్టింది.

సీడీలు తేవడం మొదట్లో మరిది పని. వాడికి ఓవర్‌టైములు పడి ఒక వారం రాలేకపోయాడు. ఆదివారం పొద్దున్నే మా అత్తగారు చీర మార్చుకుని, మిషను పెట్టుకుని, "పద" అంది. ఇద్దరం నడుచుకుంటూ బస్టాండు దగ్గర సీడీలు అద్దెకిచ్చే కొట్టుకి వెళ్ళాం. కొట్టతను ఆవిణ్ణి చూసి మర్యాదగా పైవరసలోంచి భక్తి సినిమాలు తీసి ముందు పెట్టాడు.

"ఇందులో హెలికాప్టరుందేటి?" అంది.

అతను నావైపు చూశాడు. నేను ఇంకోవైపు చూశాను.

"ఇది దేవుడి సినిమా మామ్మగారూ."

"దేవుడికి రోజూ దీపం పెడతన్నాను. ఇంట్లో ఉన్నాడు. రైలుందా, పడవుందా, ఏటుందో సెప్పు."

అతను నవ్వాపుకుంటూ కిందవరసలోంచి ఒక కట్ట తీశాడు. ఆవిడ బల్లమీద వాటిని పేకముక్కల్లా పరిచి, ఒక్కో అట్టనీ వెలుగులోకి ఎత్తి చూసింది. పూలతోటలో అమ్మాయీ అబ్బాయీ ఉన్నదాన్ని వెంటనే పక్కకి నెట్టేసింది. మంటల్లోంచి మోటారుసైకిలు దూకుతున్నదాన్ని తీసి నా చేతిలో పెట్టింది. సముద్రంలో ఓడ నిలువునా లేస్తున్న ఇంకో అట్ట దగ్గర చాలాసేపు ఆగింది.

"ఇందులో సౌండు బాగుంటాదా బాబూ?"

"అదిరిపోద్ది మామ్మగారూ."

"అదరాలి" అంది, అదీ తీసుకుంది.

తిరిగొచ్చేటప్పుడు పిన్ని ఇంటి ముందు ఆగింది. లోపలికి తొంగి చూసి, మిషను ఉన్నా లేకపోయినా తగ్గని ఆ పాత కేకతో పిలిచింది. "ఒసే, వంటయిందా? బేగి రండి. ఇయ్యాళ ఓడ ములిగిపోతంది!"

ఇంకో గుమ్మం ముందు ఆగింది. ఆ తర్వాత ఎదురింటి ముందు. నేను సీడీలు పట్టుకుని వెనక నడిచాను.